ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతంలో విశ్వవిద్యాలయ క్రీడల పరిధి మార్పులు

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు పరిసర ప్రాంతాలలోని కళాశాలలు కాలక్రమంలో ఒక విశ్వవిద్యాలయం నుండి మరొక విశ్వవిద్యాలయం పరిధిలోకి మారుతూ వచ్చినవి. ఈ మార్పుల వలన ఆయా కళాశాలల క్రీడాకారులు ఏ జట్టు తరఫున ఆడవలెను, ఎంపిక పోటీలకు ఎంత దూరం వెళ్ళవలెను, వారి క్రీడా ధ్రువపత్రంపై ఏ విశ్వవిద్యాలయం పేరు ఉండును అనే విషయాలు కూడా మారినవి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో కళాశాల జట్లు ఒక కూటమి నుండి మరొక కూటమికి మారడానికి ప్రధాన కారణం టెలివిజన్ ప్రసార హక్కుల ఆదాయం. గోదావరి, కృష్ణా డెల్టాలలో ఇటువంటి మార్పులు ప్రభుత్వ చట్టాల వలన, కొత్త విశ్వవిద్యాలయాల స్థాపన వలన జరిగినవి. ప్రసార ఆదాయానికి వీటితో సంబంధం లేదు.

భౌగోళిక నేపథ్యం

కొల్లేరు సరస్సు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్నది. సరస్సుకు ఉత్తరాన ఏలూరు, దక్షిణాన కైకలూరు ఉన్నవి. తాడేపల్లిగూడెం చెన్నై - హౌరా రైలు మార్గంలో ఏలూరుకు, రాజమహేంద్రవరానికి మధ్య ఉన్న పట్టణం. ఏలూరు, తాడేపల్లిగూడెం పూర్వపు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండగా, కైకలూరు, మండవల్లి, కలిదిండి, ముదినేపల్లి ప్రాంతాలు కృష్ణా జిల్లాలో ఉండేవి. ఈ విధంగా ఒకే సరస్సు చుట్టూ ఉన్న గ్రామాల విద్యార్థులు రెండు జిల్లాల మధ్య, తరువాతి కాలంలో రెండు వేర్వేరు విశ్వవిద్యాలయాల మధ్య విభజింపబడినారు.

రైలు మార్గంలో ఏలూరు నుండి విశాఖపట్నం సుమారు 290 కిలోమీటర్లు. రాజమహేంద్రవరం సుమారు 90 కిలోమీటర్లు. విజయవాడ సుమారు 60 కిలోమీటర్లు. విశ్వవిద్యాలయ పరిధి మార్పు విద్యార్థికి ఎంత ముఖ్యమో ఈ దూరాలను బట్టి తెలుసుకొనవచ్చును.

అంతర విశ్వవిద్యాలయ పోటీల వ్యవస్థ

భారతదేశంలో కళాశాలలు స్వయంగా కూటములుగా ఏర్పడి క్రీడా పోటీలు నిర్వహించుకొనే పద్ధతి లేదు. ఇక్కడ క్రీడా వ్యవస్థకు మూలం అనుబంధ విశ్వవిద్యాలయం. ఈ వ్యవస్థ మూడు మెట్లుగా ఉంటుంది.

* అంతర కళాశాల పోటీలు: ఒక విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న కళాశాలలు తమలో తాము పోటీపడతాయి. వీటిలో ప్రతిభ చూపినవారి నుండి విశ్వవిద్యాలయ జట్టును ఎంపిక చేస్తారు.
* మండల పోటీలు: దేశంలోని విశ్వవిద్యాలయాలను ఉత్తర, దక్షిణ, తూర్పు, పశ్చిమ మండలాలుగా విభజించినారు. ఆంధ్ర ప్రదేశ్ దక్షిణ మండలంలో ఉన్నది. తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, కేరళ రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు కూడా ఈ మండలంలోనివే.
* అఖిల భారత పోటీలు: మండల స్థాయిలో ముందు నిలిచిన జట్లు అఖిల భారత స్థాయిలో తలపడతాయి. కొన్ని క్రీడలలో మండల పోటీలు లేకుండా నేరుగా అఖిల భారత పోటీలు జరుగుతాయి.

ఈ పోటీలను భారత విశ్వవిద్యాలయాల సంఘం పర్యవేక్షిస్తుంది. ఈ సంఘం 1925లో ఇంటర్ యూనివర్సిటీ బోర్డు అనే పేరుతో ఏర్పడినది. 1973లో ప్రస్తుత పేరు వచ్చినది. విశ్వవిద్యాలయాల మధ్య క్రికెట్ పోటీ అయిన రోహింటన్ బారియా ట్రోఫీ 1935-36లో ప్రారంభమైనది. 1940-41లో ఇంటర్ యూనివర్సిటీ స్పోర్ట్స్ బోర్డు ఏర్పడి ఈ పోటీ నిర్వహణను చేపట్టినది. మండలాల జట్ల మధ్య జరిగే విజ్జీ ట్రోఫీ 1966-67లో ఆరంభమైనది. దీనికి విజయనగర రాజకుటుంబీకుడు, భారత క్రికెట్ జట్టు పూర్వ నాయకుడు, రేడియో వ్యాఖ్యాత అయిన విజ్జీ పేరు పెట్టినారు. అంతర విశ్వవిద్యాలయ క్రీడలలో అత్యుత్తమంగా నిలిచిన విశ్వవిద్యాలయానికి మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ ఇచ్చే సంప్రదాయం 1956-57లో మొదలైనది.

ఒక విద్యార్థి ఒకే విద్యా సంవత్సరంలో రెండు విశ్వవిద్యాలయాల తరఫున ఆడరాదు. ఒక క్రీడలో ఒక్కొక్క విశ్వవిద్యాలయం పురుషులకు ఒకటి, స్త్రీలకు ఒకటి చొప్పున మాత్రమే జట్లను పంపుతుంది. పరిధి మార్పుల ఫలితాలు చాలావరకు ఈ రెండు నియమాల నుండి వచ్చినవే.

ఆంధ్ర విశ్వవిద్యాలయ కాలం

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో ప్రారంభమై 1930లో వాల్తేరుకు తరలినది. దీని తొలి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి. ఆయన పేరుతో ఏలూరులో 1945లో సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల స్థాపించబడినది. మహిళల కొరకు సెయింట్ థెరిసా కళాశాల 1953లో ఏర్పడినది. ఈ కళాశాలలు దీర్ఘకాలం ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నవి.

ఆ కాలంలో ఏలూరు క్రీడాకారుడు శ్రీకాకుళం, విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి కళాశాలల క్రీడాకారులతో పోటీపడి విశ్వవిద్యాలయ జట్టులో స్థానం సంపాదించవలసి ఉండేది. ఎంపిక పరిధి విశాలం కనుక జట్టు బలంగా ఉండే అవకాశం ఎక్కువ. ఒక్కొక్క విద్యార్థికి స్థానం దక్కే అవకాశం మాత్రం తక్కువ. శిక్షణ శిబిరం విశ్వవిద్యాలయ ప్రధాన ప్రాంగణంలో పెట్టినప్పుడు జిల్లా విద్యార్థి సుమారు మూడు వందల కిలోమీటర్లు ప్రయాణించవలసి వచ్చేది.

పరిధి మార్పుల క్రమం

ఉమ్మడి ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధి ఒకేసారి విడిపోలేదు. మొదట విద్యా శాఖలను బట్టి, తరువాత జిల్లాలను బట్టి ఈ విభజన జరిగినది.

* 1964: ఆంధ్ర ప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినది. వ్యవసాయ కళాశాలలు సాధారణ విశ్వవిద్యాలయాల నుండి వేరుపడినవి.
* 1972: సాంకేతిక విద్య కొరకు జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం హైదరాబాదు కేంద్రంగా ఏర్పడినది.
* 1976: గుంటూరు సమీపంలో నాగార్జున విశ్వవిద్యాలయం ఏర్పడినది. గుంటూరు, కృష్ణా, ప్రకాశం జిల్లాల కళాశాలలు దీని పరిధిలోకి వచ్చినవి. దీనితో కొల్లేటికి దక్షిణాన ఉన్న కృష్ణా జిల్లా విద్యార్థులు నాగార్జున జట్టుకు, ఉత్తరాన ఉన్న పశ్చిమ గోదావరి విద్యార్థులు ఆంధ్ర జట్టుకు చెందినవారైనారు.
* 1986: విజయవాడలో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ప్రారంభమైనది. ప్రస్తుతం దీని పేరు డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం. వైద్య కళాశాలలు దీని పరిధిలోకి వెళ్ళినవి.
* 2006: రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం స్థాపించబడినది. ఉభయ గోదావరి జిల్లాలను దీని పరిధిగా నిర్ణయించినారు.
* 2007: తాడేపల్లిగూడెం సమీపంలోని వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఏర్పడినది. 2011లో దీనికి డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం అని పేరు మార్చినారు.
* 2008: మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడినది. అదే సంవత్సరం సాంకేతిక విశ్వవిద్యాలయం విభజింపబడి కాకినాడ కేంద్రంగా ఒక ప్రత్యేక విశ్వవిద్యాలయం వచ్చినది. నూజివీడు ప్రాంగణం గల రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా 2008లోనే ఏర్పడినది.
* 2015: తాడేపల్లిగూడెంలో జాతీయ సాంకేతిక విద్యా సంస్థ (ఎన్.ఐ.టి.) ప్రారంభమైనది.

ఈ మార్పులతో పాటు కొన్ని పెద్ద కళాశాలలు అనుబంధ వ్యవస్థ నుండి బయటకు వచ్చి తామే విశ్వవిద్యాలయ హోదా పొందినవి. విశాఖపట్నంలోని గీతం 2007లో, గుంటూరు జిల్లా వడ్డేశ్వరంలోని కోనేరు లక్ష్మయ్య సంస్థ 2009లో డీమ్డ్ విశ్వవిద్యాలయాలైనవి. ఆంధ్ర ప్రదేశ్ ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం 2016లో వచ్చినది. ఇటువంటి సంస్థ ఏదైనా తన సొంత జట్టును నేరుగా మండల పోటీలకు పంపగలదు. ఒక సంస్థ తన నిర్ణయంతో పాత సమూహాన్ని వీడడం అనే అర్థంలో, అమెరికా కూటముల మార్పుకు భారతదేశంలో దగ్గరగా కనిపించేది ఇదే. అయితే ఇక్కడి సంస్థలు కోరుకున్నది పాఠ్య ప్రణాళికలో, పరీక్షలలో, ప్రవేశాలలో స్వేచ్ఛ. క్రీడా జట్టు దాని వెంట వచ్చిన ఫలితం.

ఒకే ఊరు, అనేక జట్లు

పరిధి మార్పుల ఫలితం తాడేపల్లిగూడెంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఈ పట్టణంలోను, పరిసరాలలోను చదువుకొనే విద్యార్థులు తాము చదివే కోర్సును బట్టి వేర్వేరు జట్లకు చెందుతారు. డిగ్రీ కళాశాల విద్యార్థి ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయ జట్టుకు అర్హుడు. పెదతాడేపల్లిలోని శ్రీ వాసవి ఇంజనీరింగు కళాశాల విద్యార్థి దారి కాకినాడ సాంకేతిక విశ్వవిద్యాలయం వైపు. వెంకటరామన్నగూడెం విద్యార్థి ఉద్యాన విశ్వవిద్యాలయ జట్టులో ఆడతాడు. వ్యవసాయ, అనుబంధ విశ్వవిద్యాలయాలకు ప్రత్యేకంగా అఖిల భారత క్రీడోత్సవం కూడా ఉన్నది. ఎన్.ఐ.టి. విద్యార్థులకు దేశంలోని ఎన్.ఐ.టి.ల మధ్య జరిగే పోటీలు ఉన్నవి.

ఏలూరులోను ఇదే స్థితి. ఆశ్రం వైద్య కళాశాల విద్యార్థులకు, 2023లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల విద్యార్థులకు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం జట్టు ఉన్నది. వట్లూరులోని రామచంద్ర ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు కాకినాడ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిధిలోనివారు. నగరంలోని సాధారణ డిగ్రీ కళాశాలలు నన్నయ విశ్వవిద్యాలయం పరిధిలోనివి. ఒకే వీధిలో పెరిగి, ఒకే మైదానంలో సాధన చేసిన ఇద్దరు మిత్రులు ఇంటర్మీడియెట్ తరువాత వేర్వేరు కోర్సులలో చేరితే, దక్షిణ మండల పోటీలలో ప్రత్యర్థులుగా ఎదురుపడవచ్చును.

2022 జిల్లాల పునర్వ్యవస్థీకరణ

2022 ఏప్రిల్ 4న ఆంధ్ర ప్రదేశ్‌లో కొత్త జిల్లాలు అమలులోకి వచ్చినవి. పశ్చిమ గోదావరి జిల్లా నుండి ఏలూరు జిల్లా ఏర్పడినది. మిగిలిన పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రమైనది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయినది. కృష్ణా జిల్లాలోని కైకలూరు, నూజివీడు ప్రాంతాలు ఏలూరు జిల్లాలో చేరినవి. దీనితో కొల్లేటి ఉత్తర, దక్షిణ తీరాల గ్రామాలు అనేకం ఒకే జిల్లాలోకి వచ్చినవి.

జిల్లా సరిహద్దు, విశ్వవిద్యాలయ పరిధి వేర్వేరు విషయాలు. జిల్లాలు జిల్లాల ఏర్పాటు చట్టం ప్రకారం ఏర్పడతాయి. విశ్వవిద్యాలయ పరిధి విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం, దాని క్రింద వెలువడే ప్రభుత్వ ఉత్తర్వుల ప్రకారం నిర్ణయమవుతుంది. ఒకటి మారినంత మాత్రాన రెండవది తనంతట తాను మారదు. జిల్లా స్థాయి క్రీడా సంఘాల పోటీలలో ఒకే జట్టులో ఆడే విద్యార్థులు విశ్వవిద్యాలయ పోటీలలో వేర్వేరు జట్లలో ఆడవలసి రావడానికి కారణం ఇదే.

క్రీడాకారులపై ప్రభావం

విశ్వవిద్యాలయ జట్టులో స్థానం విద్యార్థికి గౌరవం మాత్రమే గాక ఉపాధి మార్గం కూడా. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలలో క్రీడాకారుల నియామకానికి 1980లో రూపొందిన నిబంధనల ప్రకారం, ఇంటర్ యూనివర్సిటీ స్పోర్ట్స్ బోర్డు నిర్వహించే పోటీలలో తమ విశ్వవిద్యాలయానికి ప్రాతినిధ్యం వహించినవారు అర్హులు. ఇందుకు విశ్వవిద్యాలయ క్రీడా విభాగపు అధికారి నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం ఇవ్వవలెను. కేవలం అంతర కళాశాల పోటీలలో ఆడినవారికి ఈ అర్హత లేదు. ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2024 నాటి క్రీడా విధానంలో ప్రభుత్వ ఉద్యోగాలలో క్రీడా కోటాను 2 శాతం నుండి 3 శాతానికి పెంచాలని నిర్ణయించినది.

కావున కళాశాల జట్టుకు, విశ్వవిద్యాలయ జట్టుకు మధ్య ఉన్న ఒక్క మెట్టు చాలామంది గ్రామీణ విద్యార్థుల జీవితంలో నిర్ణాయకమైనది. పరిధి మార్పుల వలన ఈ మెట్టుపై కలిగిన ప్రభావాన్ని రెండు విధాలుగా చెప్పవచ్చును.

అనుకూల ఫలితాలు: కబడ్డీలో ఒక జట్టు స్థానంలో మూడు విశ్వవిద్యాలయాల జట్లు ఏర్పడితే స్థానాలు కూడా మూడింతలవుతాయి. ఎంపిక కేంద్రం దగ్గరవుతుంది. ఏలూరు విద్యార్థికి విశాఖపట్నం బదులు రాజమహేంద్రవరం కేంద్రం కావడంతో రైలు దూరం మూడింట ఒక వంతుకు తగ్గినది. దూరప్రయాణానికి, బయట బసకు ఇంటివారు సందేహించే సందర్భాలలో బాలికలకు ఈ మార్పు మరింత ముఖ్యమైనది.

ప్రతికూల ఫలితాలు: ఎంపిక పరిధి చిన్నదైనప్పుడు జట్టు బలం తగ్గే అవకాశం ఉన్నది. పాత విశ్వవిద్యాలయాలకు దశాబ్దాలుగా సమకూరిన మైదానాలు, వ్యాయామ విద్యా విభాగాలు, శిక్షకులు ఉంటారు. కొత్త విశ్వవిద్యాలయం వీటిని మొదటి నుండి కూర్చుకొనవలెను. పరిధి మారే సంవత్సరాలలో పాత తరగతుల విద్యార్థులు పాత విశ్వవిద్యాలయం క్రింద, కొత్తగా చేరినవారు కొత్త విశ్వవిద్యాలయం క్రింద ఉండడం సాధారణం. అప్పుడు ఒకే కళాశాల క్రీడాకారులు రెండు జట్లుగా విడిపోతారు. ఆ సమయంలో ఎంపిక ప్రకటన ఎక్కడ వెలువడుతుంది, ప్రవేశ పత్రం ఎవరికి పంపవలెను అనే సమాచారం అందక పోటీ తప్పిపోతే, డిగ్రీ చదివే మూడు నాలుగు సంవత్సరాలలో ఒక సంవత్సరం పోయినట్లే. ఈ కాలంలో కళాశాల వ్యాయామ ఉపాధ్యాయుని బాధ్యత చాలా పెద్దది.

అమెరికా కూటముల పద్ధతి

అమెరికాలో విశ్వవిద్యాలయాలు కాన్ఫరెన్సులు అనబడే కూటములుగా ఏర్పడి తమలో తాము ఆడతాయి. జాతీయ స్థాయిలో 1906లో ఏర్పడిన ఎన్.సి.ఎ.ఎ. అనే సంఘం నియమాలను రూపొందిస్తుంది. మొదట ఫుట్‌బాల్ ప్రసారాలను ఈ సంఘమే నియంత్రించేది. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు దీనిని ప్రశ్నించగా, 1984లో అమెరికా సుప్రీం కోర్టు 7-2 ఆధిక్యతతో ఆ నియంత్రణ పోటీ చట్టాలకు విరుద్ధమని తీర్పు చెప్పినది. అప్పటి నుండి కూటములు సొంతంగా ప్రసార ఒప్పందాలు చేసుకొనసాగినవి.

సభ్యులు తమ స్వదేశీ మ్యాచ్‌ల హక్కులను కూటమికి అప్పగిస్తారు. కూటమి వాటిని ఒక మూటగా ప్రసార సంస్థలకు అమ్మి, వచ్చిన సొమ్మును సభ్యులకు పంచుతుంది. ప్రేక్షకులు ఎక్కువగా ఉన్న జట్లు చేరితే మూట విలువ పెరుగుతుంది. బిగ్ టెన్ కూటమి 2022లో ఫాక్స్, సి.బి.ఎస్., ఎన్.బి.సి. సంస్థలతో 7 సంవత్సరాలకు 700 కోట్ల డాలర్లకు పైగా విలువ గల ఒప్పందం చేసుకొన్నది. 2024లో దక్షిణ కాలిఫోర్నియా, లాస్ ఏంజెలెస్, ఆరెగన్, వాషింగ్టన్ విశ్వవిద్యాలయాలు ఈ కూటమిలో చేరగా సభ్యుల సంఖ్య 18కి చేరినది. పేరు మాత్రం బిగ్ టెన్‌గానే నిలిచినది. అదే సంవత్సరం టెక్సాస్, ఓక్లహోమా విశ్వవిద్యాలయాలు సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్సులో చేరినవి. 1915 నుండి చరిత్ర గల పసిఫిక్ కూటమిలో ఆరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ అనే రెండు విశ్వవిద్యాలయాలు మాత్రమే మిగిలినవి.

పసిఫిక్ తీరంలోని లాస్ ఏంజెలెస్ జట్టు ఇప్పుడు అట్లాంటిక్ తీరంలోని న్యూజెర్సీ జట్టుతో ఒకే కూటమిలో ఆడుతున్నది. వీటి మధ్య దూరం సుమారు 4,000 కిలోమీటర్లు. వాలీబాల్, ఈత వంటి క్రీడల విద్యార్థులు కూడా ఫుట్‌బాల్ ఒప్పందం కారణంగా ఇంత దూరం ప్రయాణించవలసి వస్తున్నది. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒక రాజీ ఒప్పందం ప్రకారం, విశ్వవిద్యాలయాలు తమ క్రీడాకారులకు నేరుగా సొమ్ము చెల్లించవచ్చును. 2025-26 సంవత్సరానికి దీని పరిమితి ఒక్కొక్క విశ్వవిద్యాలయానికి సుమారు 2.05 కోట్ల డాలర్లు.

భారతదేశంలో ప్రసార హక్కులు

1993 హీరో కప్ క్రికెట్ ప్రసారంపై వచ్చిన వివాదంలో సుప్రీం కోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్తూ, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటిపై ప్రభుత్వానికి గుత్తాధిపత్యం లేదని పేర్కొన్నది. దీనితో క్రీడా సంఘాలు తమ పోటీల హక్కులను ప్రైవేటు సంస్థలకు అమ్ముకొనే మార్గం సుస్థిరమైనది. 2007 నాటి చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం గల పోటీల ప్రసారాన్ని ప్రసార భారతితో పంచుకొనవలెను. అందుపై వచ్చే టెలివిజన్ ప్రకటనల ఆదాయంలో కనీసం 75 శాతం హక్కుదారుకు చెందుతుంది.

ఈ మార్కెట్టులో పెద్ద వాటా వృత్తి క్రీడలది. ఇండియన్ ప్రీమియర్ లీగ్ 2023-27 హక్కులు 2022లో 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయినవి. 2014లో మొదలైన ప్రో కబడ్డీ లీగ్ గ్రామీణ క్రీడకు కూడా ప్రసార విలువ ఉన్నదని నిరూపించినది. 2018 డిసెంబరులో తెలుగు వ్యాఖ్యానంతో ప్రత్యేక క్రీడా ఛానల్ వచ్చినది. విశ్వవిద్యాలయ క్రీడలలో టెలివిజన్‌కు చేరువైనది ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడోత్సవం. ఇది 2020 ఫిబ్రవరిలో భువనేశ్వర్‌లో ప్రారంభమైనది. తరువాత 2022లో బెంగుళూరులో, 2023లో ఉత్తర ప్రదేశ్‌లో, 2024లో ఈశాన్య రాష్ట్రాలలో, 2025లో రాజస్థాన్‌లో జరిగినది. దీనికి నిధులు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం. మండల స్థాయి పోటీలకు అమెరికాలో వలె విశ్వవిద్యాలయాలు కలిసి అమ్ముకొనే దీర్ఘకాల ప్రసార ఒప్పందాలు లేవు.

పోలిక

రెండు వ్యవస్థలలోను ఒక సామాన్య లక్షణం కలదు. జట్టు ఏ సమూహంలో ఉండవలెననేది ఆడే విద్యార్థి నిర్ణయించడు. అమెరికాలో దానిని ప్రసార ఆదాయం నిర్ణయిస్తుంది. గోదావరి ప్రాంతంలో చట్టం, ప్రభుత్వ ఉత్తర్వు నిర్ణయిస్తాయి. ఫలితాలు మాత్రం భిన్నమైనవి. అక్కడ సమూహాలు పెద్దవై ప్రయాణాలు పెరిగినవి, సొమ్ము కూడా పెరిగినది. ఇక్కడ సమూహాలు చిన్నవై ప్రయాణాలు తగ్గినవి, స్థానాలు పెరిగినవి. కానీ కొత్త జట్లను నిలబెట్టడానికి తగిన ఆదాయ మార్గం వాటితో పాటు రాలేదు. విశ్వవిద్యాలయాలు క్రీడలకు ఖర్చు చేసే సొమ్ము విద్యార్థుల రుసుములు, ప్రభుత్వ నిధుల నుండి రావలసినదే.

భవిష్యత్తులో మండల పోటీలకు ప్రసార విలువ ఏర్పడిన పక్షంలో, ఆ హక్కులు పోటీని పర్యవేక్షించే సంఘానివా, ఆతిథ్యమిచ్చిన విశ్వవిద్యాలయానివా, ఆడినవారికి అందులో భాగం ఉండవలెనా అనే ప్రశ్నలు ఇక్కడ కూడా ఎదురవుతాయి. ప్రస్తుతానికి ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు విద్యార్థులకు పరిధి మార్పు విలువను కొలిచే సాధనం అంతర విశ్వవిద్యాలయ పోటీలలో ఆడినట్లు తెలిపే ధ్రువపత్రమే.